అంచు దాకా రాసిన పిల్లలు

“ఇవి పిల్లలకిచ్చారా, ఎలుకలకిచ్చారా?”

బైండరు ఆ అమ్మాయితో అన్న మొదటి మాట అది. కౌంటరు మీద విప్పిన పుస్తకాల మూటని రెండు వేళ్లతో కదిపి చూస్తున్నాడు. అట్టలూడినవి, వెన్ను విరిగినవి, నడుమ కాగితాలు నాలుకల్లా బయటికి వేలాడేవి. ఒకదాని మూల మీద పంటిగాట్లు కూడా ఉన్నాయి.

మూట తెచ్చిన అమ్మాయి గొడుగు ముడిచింది. నీళ్లన్నీ అతని చెప్పుల మీద కారాయి. సారీ చెప్పలేదు.

“పిల్లలకే ఇచ్చానండీ. ఎలుకలైతే ఇంత ప్రేమగా కొరకవు.”

“దీన్ని ప్రేమంటారా మేడం?”

“చిరిగిందంటే చదివారని. మీ వెనక బీరువాలో మెరిసిపోతున్నాయే, వాటిని ఒక్కరైనా తెరిచి చూశారా?”

బైండరు వెనక్కి తిరిగాడు. అద్దాల బీరువాలో నమూనాకని తను కట్టిన పుస్తకాలు వరసగా నిలబడి ఉన్నాయి. బంగారు అక్షరాలు, వేలు పెడితే కోసుకునేంత నున్నటి అంచులు. నిజమే, ఎవరూ తెరవలేదు. ఆ మాటకొస్తే అతనూ తెరవలేదు.

లోపల జిగురు కలుపుతున్న బాబాయి కిసుక్కున నవ్వాడు. షాపు ఆయనదే, పని నేర్పిందీ ఆయనే. కానీ అన్నకొడుకు నోరు మూతపడటం ఆయన చూడటం అదే మొదటిసారి.

“వచ్చే ఆదివారానికి కావాలి,” అందా అమ్మాయి. “వీధి చివర లైబ్రరీకి తెచ్చివ్వండి. నేను అక్కడ లైబ్రేరియన్ని.”

గొడుగు విప్పి వానలోకి వెళ్లిపోయింది. బైండరు తడిసిన చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

“ఒరేయ్, కొట్టిందా తిట్టిందా?” అన్నాడు బాబాయి.

“రెండూనేమో బాబాయ్.”

*

ఆ లైబ్రరీ గోడకి ‘నిశ్శబ్దం’ అని పెద్ద బోర్డు ఉండేది. పిల్లలు గుమ్మం తొక్కితే ఉష్ ఉష్ అని తరిమేవాళ్లు. ఈ కాలం పిల్లలకి పుస్తకమంటే గిట్టదని మీటింగులు పెట్టి గొంతు చించుకున్న పెద్దమనుషులే ఆ బోర్డుకి ఏటా కొత్త రంగు వేయించారు. ఈ అమ్మాయి వచ్చిన మొదటి వారమే బోర్డు పీకి, దాని మీద గుడ్డ పరిచి పుస్తకాలు పేర్చింది. ఆదివారం నాలుగింటికి వరండాలో చాపలు వేసింది. మొదటి ఆదివారం ముగ్గురొచ్చారు. ఆరు నెలలు తిరిగేసరికి చాపలు వరండా దాటి వీధిలోకి వచ్చేశాయి. బండ్లవాళ్లు హారన్ కొట్టడం మానేసి చుట్టూ తిరిగి వెళ్లడం నేర్చుకున్నారు.

బైండరు పుస్తకాలు మోసుకుని వెళ్లేసరికి ఆ చాపల మీద యుద్ధం జరుగుతోంది. ఒకడు బోర్లా పడుకుని కథ చదువుతున్నాడు, వాడి వీపు మీద కాగితం పెట్టుకుని ఇంకొకడు రాసుకుంటున్నాడు. ఇద్దరు ఒకే పుస్తకాన్ని చెరోవైపు నుంచీ లాగుతూనే చదువుతున్నారు.

“అక్కా! ఎవరో అంకుల్ వచ్చాడు!” అని అరిచింది ఒక ఆరేళ్ల పిల్ల. ముందుపళ్లు రెండూ లేవు. చాప చాపకీ తిరుగుతూ ఒక్క క్షణం వాలదు కాబట్టి అందరూ దాన్ని కందిరీగ అంటారు.

బైండరుకి ఎక్కడో గుచ్చుకుంది. “ఆవిడ అక్కా, నేను అంకులా? మా ఇద్దరిదీ ఒకటే వయసు.”

“సరే, అయితే అన్నయ్యా…”

“వద్దొద్దు! అన్నయ్య వద్దు!” అనేశాడు గబుక్కున. “అంకులే బాగుంది.”

లైబ్రేరియన్ పుస్తకాలు లెక్కపెట్టుకుంటూ తలెత్తలేదు. కానీ చెవులు ఎర్రబడ్డాయి. లేదా సాయంత్రపు ఎండ పడిందేమో. బైండరు ఆ వారమంతా అదే సందేహంతో బతికాడు.

అతని కాళ్ల దగ్గర ఒక పిల్లవాడు రాస్తున్నాడు. వరస కాగితం చివరికి వచ్చింది. వాడు ఆగలేదు. ఆఖరి అక్షరం కొమ్ము చాప మీదికి పాకింది.

“బాబూ, అంచు వదలాలమ్మా. కాస్త మార్జిన్…”

“మార్జిన్ గొడవ మీదండీ,” అంది లైబ్రేరియన్. “వాడికి చెప్పాల్సింది బోలెడుంది. కాగితం చాలడం లేదు.”

“అడ్డదిడ్డంగా ఉంటుంది కదా మేడం. పుస్తకమంటే ఓ నీటు ఉండాలి.”

“మీరేం చదువుతారు?”

“నేనా? చదవను. కుట్టడం నా పని.”

“ఇన్నేళ్ల నుంచీ పుస్తకాలు కుడుతూ, ఒక్కటీ చదవలేదా?”

“పేజీ నంబర్లు చదువుతాను. వరస తప్పకూడదుగా.”

ఆమె నవ్వలేదు, తిట్టలేదు. భోజనాల బల్ల దగ్గర వడ్డిస్తూనే పస్తున్న మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు తిట్టు కంటే ఘోరంగా తగిలింది.

అయినా ప్రతి ఆదివారం వెళ్లాడు. ఆమె అప్పగించిన రెండో మూటలోంచి, చేతిలో ఒక్కో పుస్తకం.

“పదిహేను పుస్తకాలూ ఒక్కసారే ఇచ్చేయొచ్చుగా?” అన్నాడు బాబాయి.

“జిగురు ఆరాలి బాబాయ్.”

“ఏ జిగురురా అది, వారానికొకటి ఆరుతోంది?”

*

శుక్రవారం మధ్యాహ్నం ఆమె షాపుకి వచ్చింది. గుండెకి అదుముకున్న ఫైలొకటి కౌంటరు మీద పెట్టింది.

“నలభై మూడు పేజీలు. నలభై మూడు మంది పిల్లలు. ఒక్కొక్కరిదీ ఒక పేజీ. పుస్తకంగా కుట్టాలి. ఎల్లుండి మా పండగ. వీధి వీధంతా వస్తుంది. వాళ్ల వాళ్ల అమ్మానాన్నల ముందు ఎవరి పేజీ వాళ్లే చదువుతారు.”

“రేపు పొద్దున్నకి రెడీ మేడం.”

“మీకు అర్థమవుతోందా? తమ మాట పుస్తకంలో ఉండటం వీళ్లు మొదటిసారి చూడబోతున్నారు. ఆ రోజు ఏదైనా తేడా వస్తే కొందరు మళ్లీ పెన్ను పట్టరు. కందిరీగ ఉందే, ఆరు నెలలుగా వాగడమే తప్ప రాయనంది. ఈ వారమే రాసింది. ఇదొక్కటే కాపీ.” ఆగి, మొదటిసారి మెత్తగా అంది, “మీరైతే జాగ్రత్తగా చేస్తారని తెచ్చాను.”

ఆ ‘మీరైతే’తో బైండరు నేల మీద నడవడం మానేశాడు.

అట్టలకంటించే కాలికో గుడ్డల్లో అన్నిటికంటే మంచి ఎర్ర గుడ్డ తీశాడు. దారానికి మైనం రాసి ఎడమవైపు కుట్టాడు. కుట్టు కుట్టుకీ ఆమె ఆ పుస్తకం తెరిచినప్పుడు ఎలా చూస్తుందో ఊహించుకున్నాడు. కుట్టడమయ్యాక పుస్తకాన్ని ఎప్పటిలాగే కటింగ్ మిషన్ కింద పెట్టి, చక్రం బిగించి, పిడి లాగాడు. పైన ఒక కోత. కింద ఒక కోత. కుడివైపు ఒక కోత. పన్నెండేళ్లుగా ప్రతి పుస్తకానికీ చేసే పనే. చేతికి మెదడుతో పని లేదు. మెదడు లైబ్రరీ వరండాలో ఉంది. అంచులు అద్దంలా వచ్చాయి. బాబాయి కింద పడిన పీలికలని చీపురుతో గోనెసంచిలోకి ఎత్తాడు.

శనివారం పొద్దున్నే ఆమె వచ్చింది. ఎర్ర అట్టని అరచేత్తో నిమిరింది. “ఎంత బావుందండీ!” అంది. ఆ కళ్లలో వెలుగు చూసి బైండరు తన జన్మ ధన్యమైందనుకున్నాడు.

మొదటి పేజీ తిప్పింది. రెండోది. మూడోది. వేలు కుడివైపు అంచు దగ్గర ఆగిపోయింది.

“చివరి అక్షరాలేవి?”

బైండరు వంగి చూశాడు. ప్రతి వరసా అంచు దగ్గరికొచ్చి తెగిపోయింది. ‘మా నాన్న నాకు రోజూ’ అని ఉంది, ఆ తర్వాత గాలి. అంచు దాకా రాసే పిల్లలు! మార్జినన్నది ఎరగని పిల్లలు! ఆ సంగతి ఈ ప్రపంచంలో అతనికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

“మేడం, నేను… అలవాటులో…”

“అడ్డదిడ్డంగా ఉంటే మీకు నచ్చదుగా.” ఆమె గొంతు పెరగలేదు. అదే భయమేసింది. “నీటుగా చేశారు.”

“కావాలని చేశాననుకుంటున్నారా?”

“కావాలని చేసినా బాగుండేది. కనీసం చదివి కోసేవారు.” పుస్తకం కౌంటరు మీద పెట్టేసింది. “రేపు నాలుగింటికి మీరే తీసుకురండి. వాళ్ల ముందు నిలబడి మీరే చెప్పండి. నాకంత ధైర్యం లేదు.”

వెళ్లిపోయింది. ఈసారి వాన లేదు. అయినా ఆమె మొహం తడిసి ఉండటం అద్దం తలుపులోంచి కనిపించింది.

*

“మళ్లీ రాయించొచ్చుగా?” అన్నాడు బాబాయి.

“ఆ మాట మళ్లీ ఆ మాటలా రాదు బాబాయ్. సంచి ఎక్కడుంది?”

వారం రోజుల పీలికలు. లెడ్జర్లవి, నోటుపుస్తకాలవి, పెళ్లి కార్డులవి. బైండరు సంచి ఎత్తి నేల మీద గుమ్మరించాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. పెన్ను గీత ఉన్న పీలికల్ని ఒక పక్కకి ఏరాడు. అవి దొరకడం కష్టం కాలేదు. ఏది ఏ పేజీదో తేల్చడం దగ్గర పడింది అసలు చిక్కు. పీలిక మీద ఏముంటుంది? ఒక ‘ది’, ఒక ‘లు’, సగం ‘ను’. అందరి దగ్గరా ఉన్నవి అవే నీలం పెన్నులు.

దారి ఒక్కటే. ప్రతి వరస చివరా ఏం రావాలో ఊహించాలి. ఊహించాలంటే చదవాలి.

చదివాడు.

‘మా ఇల్లు పై అంతస్తులో ఉంది. వాన ముందు మాకే వస్తుంది. కింద వాళ్లకి మేము వాడేసిన వాన వెళ్తుంది.’

బైండరు ఆ పేజీకి పీలిక ఆనించి ఇంకోసారి చదివాడు. తర్వాత పేజీ తిప్పాడు.

‘చీకటంటే నాకు భయం లేదు. చీకటికే నేనంటే భయం. లైటు వెయ్యగానే పారిపోతుంది.’

‘చీమకి జ్వరమొస్తే వాళ్లమ్మ నుదురు ఎలా కనిపెడుతుంది?’

‘మా తాతయ్య చెవిలో వెంట్రుకలున్నాయి. అవి అమ్మమ్మ తిట్లని వడకడతాయి.’

‘అమ్మ నవ్వితే మా ఇల్లు పెద్దదవుతుంది. మాది ఒకటే గది.’

“బాబాయ్,” అన్నాడు బైండరు.

“ఏంట్రా?”

“ఇది విను.” చదివాడు. బాబాయి జిగురు పుల్ల పట్టుకుని నిలబడిపోయాడు. ఆ ఒకటే గది ఆయన గుండెలో ఎక్కడో తెరుచుకుంది. “ఎవర్రా రాసింది?” అన్నాడు.

“ఎనిమిదేళ్ల పిల్ల. మన ఎదురు మేడ కింది గదిలో ఉండేది. ఆ పిల్ల మన షాపు ముందు నుంచే రోజూ బడికి వెళ్తుంది.”

“ఆ పిలక జడల పిల్లా? మొన్న అడ్డొచ్చిందని కసిరాను దాన్ని!”

ఇన్నేళ్లు ఈ వీధిలో మోకాలెత్తు మనుషులు ఇంతింత ఆకాశాలు నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నారు. తను వాళ్ల చేతులకంటిన మట్టి తప్ప ఇంకేమీ చూడలేదు. ఎన్ని వందల పుస్తకాలు తన చేతుల మీదుగా పోయాయి! ప్రతి దాంట్లోనూ ఎవరో ఒకరు ఇలా ఊపిరి బిగబట్టి ఏదో చెప్పి ఉంటారు. తను నంబర్లు చూసి దారం తెంపాడు.

మధ్యాహ్నం బాబాయి తెచ్చిన అన్నం చల్లారిపోయింది. పల్చటి టిష్యూ కాగితానికి జిగురు రాసి, ఒక్కో పీలికని ఒక్కో పేజీ అంచుకి అతికించాడు. పొద్దు వాలేసరికి నలభై రెండు కుదిరాయి. అద్దంలాంటి అంచులు పోయి, పుస్తకం మళ్లీ ఎగుడుదిగుడుగా తయారైంది.

నలభై మూడోది దొరకలేదు. సంచి దులిపారు, మిషన్ కింద వెతికారు, చీపురు పుల్లలు విడదీసి చూశారు. లేదు. అది కందిరీగ పేజీది.

*

ఆదివారం నాలుగింటికి వీధి మొత్తం చాపలైపోయింది. టైలర్లు, డ్రైవర్లు, వంటమనుషులు, వాచ్‌మన్లు, ఏనాడూ లైబ్రరీ గుమ్మం ఎక్కని వాళ్లు ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి కూర్చున్నారు. ముందు వరసలో కుర్చీ వేసుకుని లైబ్రేరియన్ తల్లి కూర్చుంది. జీవితమంతా బట్టలు కుట్టి కళ్లు మసకబారిన మనిషి.

బైండరు పుస్తకం పట్టుకుని వాళ్ల మధ్య నిలబడ్డాడు. లైబ్రేరియన్ అతని వైపు చూడలేదు.

“పిల్లలూ,” అన్నాడు. “మీరు అంచు దాకా రాశారు. నేను చూసుకోకుండా కోసేశాను. మీ అక్క తప్పేం లేదు. నలభై రెండు మళ్లీ అతికించాను. ఒకటి పోయింది.”

ఎవరూ ఏడవలేదు. తోసుకుంటూ వచ్చి మీద పడ్డారు. “నాది చూపించు! నాది చూపించు!” అతుకుల మీద వేళ్లతో తడిమారు. “నాదానికి ప్లాస్టరేశాడు!” అని ఒకడు గర్వంగా అరిచాడు. “నాకూ ఉంది! నాకు పెద్దది!” అని ఇంకొకడు.

లైబ్రేరియన్ పుస్తకం చేతిలోకి తీసుకుంది. పేజీలు తిప్పింది. నెమ్మదిగా తిప్పింది.

“ఏ ముక్క ఎవరిదో ఎలా తెలిసింది?” అంది.

“చదివాను.”

“అన్నీనా?”

“రెండేసి సార్లు.” తల వంచుకున్నాడు. “మేడం, వాడేసిన వాన కింద వాళ్లకి వెళ్తుందట. నిన్నటి నుంచీ నాకు వేరే ఆలోచన లేదు.”

ఆమె ఇంకో పేజీ తిప్పింది. ఈసారి ఎండ లేదు. చెవులు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

పిల్లలు చదివారు. ఒక్కొక్క పేజీకి వీధి నవ్వింది, ఒక్కొక్క పేజీకి వీధి ముక్కు చీదుకుంది. ఒకటే గది పిల్ల చదివినప్పుడు వాళ్లమ్మ నవ్వబోయి ఏడ్చేసింది.

ఆఖరున కందిరీగ లేచింది. పేజీ చూసుకుంది. అంచు బోడిగా ఉంది.

“మా గోడ మీద తేమ మచ్చ ఉంది,” అని మొదలుపెట్టింది. తెగిన చోటల్లా తనకి గుర్తున్నది నింపుకుంటూ పోయింది. “మొదటి వానకి అది పిల్లి. రెండో వానకి గుర్రం అయ్యింది. వచ్చే వానకి అది…”

ఆగింది. ఆఖరి మాట మొత్తం కోతలో పోయింది.

“ఏనుగు!” అన్నారు వెనక నుంచి.

“ఓడ!” అన్నాడు ఒక డ్రైవరు, తను అరిచినందుకు తనే సిగ్గుపడుతూ.

“కొండ తల్లీ, కొండ!” అన్నాడు బాబాయి.

“ఆగండెహె!” అంది కందిరీగ. “గోడ నాది, మచ్చ నాది.”

వీధి నోరు మూసుకుంది. ముసలీ ముతకా, ఎత్తూ పొట్టీ, రెండు వందల మంది పెద్దవాళ్లు ఒక ఆరేళ్ల పిల్ల నోటి వైపు చూస్తూ ఊపిరి బిగబట్టారు. పెద్ద పెద్ద సభల్లో కూడా అంత నిశ్శబ్దం ఉండదు. ఏ బోర్డూ తేలేని నిశ్శబ్దం అది.

“వచ్చే వానకి అది తలుపవుతుంది,” అంది. “నేను తెరుచుకుని అవతలికి వెళ్తాను.”

చప్పట్లు వెంటనే రాలేదు. ఆ తలుపులోంచి అందరూ వెనక్కి రావడానికి కాస్త టైం పట్టింది.

“ముందు అదే రాశావా?” అని అడిగింది లైబ్రేరియన్.

“కాదక్కా. పంది అని రాశాను. తలుపే బాగుంది.”

అప్పుడు మోగాయి చప్పట్లు. బైండరు చాప మీద కూలబడ్డాడు. వెంటనే కందిరీగ వచ్చి వాలింది, కాగితమూ పెన్నూ అతని ఒళ్లో పడేసింది.

“చాప మీద కూర్చుంటే రాయాలి అంకుల్. అందరికీ ఒకటే రూలు.”

“నాకు రాదమ్మా.”

“నాకూ రాదనే అన్నాను. అక్క ఊరుకుందా?”

బైండరు పెన్ను మూత తీశాడు. తర్వాత గబగబా నాలుగు ముక్కలు రాసి మడవబోయాడు. కందిరీగ దాన్ని లాక్కుని కుర్చీ ఎక్కేసింది.

“ఈ మే…డం… కో…పంగా… చూస్తే…”

“అమ్మా, ఇటివ్వు తల్లీ! అది పైకి చదివేది కాదు!”

“…నాకు ఊ…పిరి… ఆడదు! నవ్వితే… అస్సలు… ఆడదు!”

వీధి గొల్లుమంది. ఈలలు పడ్డాయి. బాబాయి తలగుడ్డ గాల్లోకి ఎగరేశాడు. బైండరు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

“మరి ఊపిరి ఎప్పుడు పీలుస్తావు బాబూ?” అంది లైబ్రేరియన్ తల్లి.

లైబ్రేరియన్ కందిరీగ చేతిలోంచి కాగితం తీసుకుంది. కింద ఏదో రాసింది. వచ్చి అతని చేతిలో పెట్టింది. కళ్లెత్తి సూటిగా చూసింది, మొదటిరోజు గొడుగు ముడిచినప్పటి పొగరుతోనే. కానీ పెదవుల దగ్గర ఆ పొగరు నిలవలేదు.

బైండరు చూశాడు. నిన్న నలభై మూడు దస్తూరీలు చదివిన మనిషికి ఈ ఒక్క దస్తూరీ కళ్లలో నిలవడం లేదు.

“ఏం రాసిందయ్యా?” అంది తల్లి. “నాకు చూపు ఆనదు. పైకి చదువు.”

అతను లేచాడు. పిల్లలంతా మెడలు సాచారు. గొంతు సవరించుకుని, వేలు పెట్టుకుని, ఒక్కో మాటా చదివాడు.

“వచ్చే ఆదివారం మా ఇంటికి రావాలి. మా అమ్మకి రోజూ పుస్తకం చదివి వినిపించే మనిషి కావాలి. నాక్కూడా.”

అందరూ కుర్చీ వైపు తిరిగారు. తల్లి కూతుర్ని చూసింది, అతుకుల పుస్తకాన్ని చూసింది, జిగురు మరకల చొక్కాలో నిలబడిన కుర్రాణ్ణి కళ్లు చికిలించి మరీ చూసింది.

“వచ్చే ఆదివారం దాకా ఎందుకే?” అంది. “నాకు ఇవాళే కనపడటం లేదు.”